మేకవన్నె పులిని మంద ఎందుకు గుర్తింపలేదు?

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున సంఘ పెద్దల కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



మన పితరులు పిడికెడు బియ్యము తీసిపెట్టి కట్టుకొన్న సంఘమిది. నూరేండ్ల పండుగలో స్తుతులు చెల్లించుట మన ధర్మమే. అయితే నూరేండ్ల ఇంటికి సున్నము వేయుటతో సరిపోదు. దూలములకు చెదలు పట్టినదేమో తట్టి చూడవలెను. అందుచేత ఈ సాయంకాలము కొంచెము చేదైన ప్రశ్న నెత్తుకొనుచున్నాను. మోసపుచ్చు నాయకుని గుర్తులు కండ్లయెదుట కనబడుచున్నను, భక్తిగల సంఘస్థులు వాటిని ఎందుకు చూడరు?

మీలో పెద్దవారికి జోన్స్‌టౌన్ అను పేరు జ్ఞాపకముండవచ్చును. 1978 నవంబరు 18న దక్షిణ అమెరికాలోని గయానా దేశపు అడవిలో, ఆ పేరుగల కాలనీలో 909 మంది చనిపోయిరి. వారిలో పిల్లలే 300కు పైగా ఉండిరి. విషము కలిపిన పానీయము వారికిచ్చిరి. అందరును ఇష్టపూర్వకముగా త్రాగలేదు. ఆయుధములు పట్టిన కావలివారు చుట్టు నిలిచియుండిరి. వారి క్షేమము విచారింప వచ్చిన అమెరికా ప్రతినిధి సభ సభ్యుడు లియో రయన్‌ను, మరి నలుగురిని అదే దినమున విమానము ఎక్కబోవుచుండగా కాల్చి చంపిరి.

ఆ మంద నాయకుడు జిమ్ జోన్స్. ఇతడు మొదటి దినముననే విషపు గిన్నెతో రాలేదు సుమా! 1950ల మధ్యకాలములో ఇండియానాపోలిస్ పట్టణమున పీపుల్స్ టెంపుల్ అను సంఘమును స్థాపించెను. తెల్లవారు, నల్లవారు వేర్వేరు గుడులకు పోవుచున్న రోజులలో ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చుండబెట్టెను. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టెను. ముసలివారికి ఆశ్రమములు నడిపెను. 1964లో పేరుగల సంఘశాఖ ఒకటి అతనికి పాదిరి పట్టమిచ్చినది. 1976లో శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలకులు అతనిని గృహవసతి సంస్థ సభ్యునిగా నియమించిరి. కాబట్టి అతని వెంట వెళ్లినవారు తెలివితక్కువవారని తొందరపడి అనవద్దు. వారిలో చాలామంది మంచిని ఆశించినవారే.

మరి గుర్తులు లేవా? ఉన్నవి. స్వస్థత కూటములలో కేన్సరు గడ్డ బయటపడినదని చూపిన ముక్కలు కోడి పేగులని దగ్గరి సహాయకులకు తెలియును. సభ్యులు ఇండ్లు, పింఛనులు సంఘమునకు వ్రాసియిచ్చిరి. విడిచి వెళ్లినవారికి ద్రోహులని పేరు పెట్టిరి. 1972లోనే ఒక పత్రిక హెచ్చరించినది. 1977లో మరొక పత్రిక, బయటికి వచ్చినవారి సాక్ష్యములు ప్రచురింపబోగా జోన్స్ గయానాకు వెళ్లిపోయెను. అక్కడ పాస్‌పోర్టులు తీసికొనిరి. విషము త్రాగు అభ్యాసము సహితము ముందుగానే చేయించిరి. ఇన్ని చూచియు ఎందుకు నిలిచిరి? నాకు తోచిన కారణములు నాలుగు చెప్పెదను.

మొదటిది, మంచి పని చెడ్డ పనికి తెర అయినది. అన్నము పెట్టిన చేతిని అనుమానించుట పాపమనిపించును. బయటి పెద్దలు కూడ పొగడుచుండగా మన అనుమానమే తప్పని అనుకొందుము.

రెండవది, చెడుగు మెల్లమెల్లగా వచ్చినది. మొదట దశమభాగము, తరువాత జీతము, తరువాత ఇల్లు. నిన్నటిదానికి ఊకొట్టినవాడు నేటిదానికి ఎట్లు కాదనగలడు? పైగా ఇల్లు అమ్మి ఇచ్చినవాడు మోసపోతినని ఒప్పుకొనవలెనంటే, తన జీవితములో సగము వృథా అయినదని ఒప్పుకొనవలెను. అది మిక్కిలి కష్టము.

మూడవది, ప్రశ్నించుట అవిశ్వాసమని నేర్పిరి. మనలోను అభిషిక్తుని ముట్టరాదను మాట తరచుగా వినబడును. దావీదు ఆ మాట సౌలును చంపకుండుటకు చెప్పెను గాని, సౌలు తప్పును కప్పుటకు కాదు. అదే 1 సమూయేలు 24లో, గుహ బయట నిలిచి రాజు చేయుచున్న అన్యాయమును ఎల్లరు వినునట్లు చెప్పెను. తరువాత అభిషిక్తుడైన ఆ దావీదునే నాతాను ఎదుటనే గద్దించెను గదా!

నాలుగవది, సంఘము పరువు పోవునను భయము. ఇంటిగుట్టు లంకకు చేటు అని నోరు మూసికొందుము. చివరకు తిలాపాపము తలా పిడికెడు అగును.

ఇది పరదేశపు కథ మాత్రమే అయితే నేను ఇక్కడ చెప్పకపోదును. నా మొదటి పాస్టరేటులో పనిచేయుచుండగా ఒక ప్రసంగికుని స్వస్థత కూటములకు పిలిచితిమి. పందిరి చాలనంత జనము వచ్చిరి. నాకును సంతోషమే. మూడవ రాత్రి ఒక సంఘ పెద్ద నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, కానుకలకు రసీదు పుస్తకమే లేదు, ఒకమాట అడగండి" అనెను. నేను, "కూటాలు కానీయండి, ప్రార్థన చేద్దాం" అంటిని. నేను ప్రార్థన చేయలేదు, అడుగనూ లేదు. జనము తగ్గునేమోనని భయపడితిని.

ఆ కూటములలో మన సంఘపు విధవరాలొకతె మెడలోని గొలుసు కానుకగా ఇచ్చినది. మాత్రలు మ్రింగుట అవిశ్వాసమని ఆ ప్రసంగికుడు చెప్పగా విని, చక్కెర వ్యాధికి వాడుచున్న మందు మానినది. కొన్ని నెలలకు ఆమె కాలి వ్రేళ్లు తీసివేయవలసి వచ్చినది. ఆసుపత్రిలో నేను మంచము ప్రక్కన నిలిచినప్పుడు ఆమె నన్ను నిందింపలేదు. "అయ్యగారూ, మీరు వేదికమీద ఆయన పక్కనే కూర్చున్నారు గదా, అందుకే నమ్మాను" అని మాత్రమే అనినది. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది.

ప్రియులారా, ఏలీ తన కుమారుల దుష్కార్యములు ఎరుగనివాడు కాడు. ఎరిగి, మెత్తగా మందలించి ఊరకుండెను. మిలేతులో పౌలు ఎఫెసు పెద్దలను పిలిచి, క్రూరమైన తోడేళ్లు వచ్చునని మాత్రమే గాక, మీలోనుండియే అట్టివారు లేతురని కన్నీటితో హెచ్చరించెను. బెరయవారు అపొస్తలుని బోధనే లేఖనములతో సరిచూచిరి. వారు ఘనులని వ్రాయబడినది గాని తిరుగుబాటుదారులని వ్రాయబడలేదు. యెరూషలేము బీదలకు చందా పంపునప్పుడు పౌలు 2 కొరింథీ 8లో ఏమి చేసెను? తనపై నింద రాకుండ, సంఘములు ఏర్పరచినవారిని తనకు తోడుగా పెట్టుకొనెను. లెక్క చెప్పుట పౌలునకే అవమానము కానప్పుడు మనకెట్లు అవమానమగును?

కాబట్టి ఈ శతాబ్ది జ్ఞాపకార్థముగా ఫలకముతోపాటు కొన్ని అలవాట్లు కూడ స్థాపించుకొందము. కానుకలు ఆరాధన ముగిసిన వెంటనే ఇద్దరి ఎదుట లెక్కించుడి. మూడు నెలల కొకసారి జమాఖర్చులు సంఘమునకు చదివి వినిపించుడి. ప్రసంగికుని పిలుచుటకు ముందు అతడు పనిచేసిన చోట విచారించుడి. మందు మానుమని చెప్పువాడు ఎవడైనను వానిని వేదిక దింపుడి. ఫిర్యాదుతో వచ్చిన సహోదరిని విరోధిగా చూడక, కూర్చుండబెట్టి వినుడి.

ఈ పరీక్ష నాతోనే ప్రారంభించుడని వేడుకొనుచున్నాను. నా ప్రసంగమును లేఖనముతోను, నా చేతిలోని డబ్బును రసీదుతోను సరిచూడుడి. మీరు అడిగినందున నేను చిన్నవాడను కాను. ఆ రాత్రి ఆ పెద్ద రెండవసారి కూడ అడిగియుంటే, ఆ తల్లి నేడు ఈ కూటమికి కర్ర లేకుండ నడిచి వచ్చియుండునేమో!

మంచి కాపరియైన ప్రభువు మనకు తన స్వరమును గుర్తించు చెవిని, అడుగుటకు ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.