పాదమునకు తగిన అచ్చు

క్రొత్తచెప్పులు కొనువాడు పొడవు చూచుకొనును, వెడల్పు చూచుకొనును, నాలుగడుగులు వేసి చూచుకొనును. చెప్పు ఎచ్చట కరచుచున్నదో పాదమే చెప్పును. ఆరోగ్యవంతునకు ఈ పరీక్ష చాలును. కాని పాదము వంకరపోయినవారికిని, మడమనొప్పితో బాధపడువారికిని, మధుమేహమువలన అరికాలి స్పర్శ నశించినవారికిని ఇది చాలదు. అట్టివారికి వైద్యులు పాదరక్షలోపల అమర్చుటకు ప్రత్యేకముగా ఒక ఇన్‌సోలు చేయింతురు. అది అరికాలి ఆకృతికి సరిపడవలెను. బరువును ఒక్కచోటనే పడనీయక పాదమంతటికిని పంచవలెను. దానిని చేయుటకు ముందుగా పాదపు అచ్చు తీయవలెను. అచ్చు తప్పినచో ఇన్‌సోలును తప్పును. ఈ అచ్చు తీయుటలో సెన్సార్లు ఎట్లు తోడ్పడగలవో నేడు మనవి చేసెదను.

ఒక్కొక్క పాదమున 26 ఎముకలును, 33 కీళ్లును కలవు. కాలు నేలపై ఆనినపుడు పాదపు వంపు కొంత అణగును, పాదము కొంత సాగును. కాలెత్తగానే ఆ వంపు మరల తేలును. కావున ఒకే పాదమునకు అనేకాకారములు కలవు. వానిలో దేనిని పట్టి అచ్చు తీయవలెననునదియే ఈ విద్యలో ముఖ్యప్రశ్న.

20వ శతాబ్ది ఉత్తరార్ధమున అమెరికాలోని కాలిఫోర్నియాయందు మెర్టన్ రూట్ అను పాదవైద్యుడు దీనికొక మార్గము నేర్పెను. రోగిని పరుండబెట్టి, చీలమండ క్రింది కీలు లోపలికిగాని వెలుపలికిగాని ఒరగక మధ్యస్థముగా నుండునట్లు పట్టి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టించిన తడిగుడ్డలను పాదమునకు చుట్టుదురు. ప్లాస్టరు గట్టిపడువరకు వైద్యుడు తన బొటనవ్రేలితో రోగి చిటికెనవ్రేలి మొదలును పైకి నొక్కి పట్టుకొనును. పని కొన్ని నిమిషములదే. ఆ కొన్ని నిమిషములలోనే రోగి తనకు తెలియకయే కండ బిగించును. వైద్యుని చేయి అలసి జారును. నొక్కుడు ఒకప్పుడు ఎక్కువయు, ఒకప్పుడు తక్కువయు నగును. ఒకే పాదమునకు వేర్వేరు చేతులు తీసిన అచ్చులను పోల్చి చూచినపుడు, ముందుపాదమునకును మడమకును నడుమనున్న కోణము కొన్ని డిగ్రీలు మారుట కనబడినది. ఒకే చేయి పలుమార్లు తీసిన అచ్చులందును ఈ భేదము కలదు.

ఇచ్చటనే సెన్సారు ఉపకరించును. ఒత్తిడి, వాలు, వెలుతురు మొదలగువానిని విద్యుత్సంకేతముగా మార్చి అంకెలలో తెలుపు చిన్న పరికరమునకు సెన్సారని పేరు. సెల్‌ఫోనును అడ్డముగా త్రిప్పగానే అందలి బొమ్మయు తిరుగుట మనమెరిగినదే. అది వాలు నెరుగు సెన్సారు చేయు పని. అట్టి సెన్సారును పిక్కపై నొకటియు, మడమపై నొకటియు అంటించినచో, రెంటినడుమ కోణమెంతయో, ప్లాస్టరు గట్టిపడులోపల అది మారినదో లేదో క్షణక్షణమును తెలియును. వైద్యుని బొటనవ్రేలి క్రింద పలుచని ఒత్తిడి సెన్సారు నుంచినచో నొక్కుడు ఎంతయో తెలియును. ప్లాస్టరుతో పనిలేక కాంతిరేఖలను పాదముపై ప్రసరింపజేసి ఆకృతిని గ్రహించు స్కానర్లును నేడు వాడుకలో నున్నవి. అయితే ఒక హెచ్చరిక. స్కానరు చూచునది పైచర్మమునే. కీలు సరిగా నున్నదో లేదో అది యెరుగదు. తప్పుగా పట్టిన పాదమును మిక్కిలి స్పష్టముగా, తప్పుగానే చిత్రించును.

ఇంత సూక్ష్మత యేల యని కొందరడుగవచ్చును. స్పర్శగలవాడు ఇన్‌సోలు ఒత్తుకొన్నచో దానిని తీసి పారవేయును. స్పర్శ లేనివాడు దానిపైననే దినమంతయు నడచును. సాయంకాలమునకు చర్మము కందును. కొన్నాళ్లకు పుండు పడును. అది ముదిరినచో పాదమునే తీసివేయవలసిరావచ్చును. 1946లో మన చిత్తూరు సీమకు పొరుగుననున్న వేలూరునకు వచ్చిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు కుష్ఠరోగుల పాదములను శ్రద్ధతో పరీక్షించెను. మాంసము వ్యాధివలన తనంతట కుళ్లిపోవుటలేదనియు, నొప్పి తెలియకపోవుటచే కలుగు గాయములే పుండ్లగుచున్నవనియు ఆయన గ్రహించెను. 1966లో ఆయన అమెరికాలోని కార్విల్ కేగెను. అచ్చట ఆయనయు, సహచరులును రంగునింపిన సూక్ష్మగుళికలుగల మేజోళ్లను రోగులకు తొడిగి నడిపించిరి. ఒత్తిడి మిక్కిలిగా పడినచోట గుళికలు చిట్లి రంగు దిగెడిది. పాదము చెప్పలేని మాటను మేజోడు చెప్పెను.

నేడు ఆ పనిని ఇన్‌సోలుపై పరచు పలుచని సెన్సారు పొరలు అంకెలతో చేయుచున్నవి. అచ్చు బాగుగా వచ్చినదను నమ్మకముతో ఊరకుండరాదు. రోగి నడచుచుండగా ఒత్తిడిని కొలిచి చూడవలెను. అరికాలి పుండు మానిన మధుమేహరోగులకు, పుండుపడినచోట ఒత్తిడి 200 కిలోపాస్కల్‌లకు లోబడియైన నుండవలెను, లేదా మునుపటికంటె నూటికి 30 వంతులైనను తగ్గవలెను అని అంతర్జాతీయ వైద్యమార్గదర్శకములు చెప్పుచున్నవి. 200 కిలోపాస్కల్‌లనగా చదరపు సెంటీమీటరు చోటుపై రమారమి రెండు కిలోల బరువు. ఈ కొలత తప్పినచో ఇన్‌సోలును ఆయాచోట్ల చెక్కి, మెత్త చేర్చి, మరల కొలువవలెను.

ఇందువలన వైద్యుని చేతికి పని తగ్గినదని తలపరాదు. ఏ కోణము ఏ రోగికి తగునో సెన్సారు నిర్ణయింపజాలదు. నిర్ణయించిన కోణము నిలిచినదో లేదో మాత్రము తెలుపును. త్రాసు వర్తకుని నేర్పును తీసివేయలేదు; తూకమును అందరికిని కనబడునట్లు చేసినది. సెన్సారును అట్టిదే.

మధుమేహము గలవారు ఇన్‌సోలు చేయించుకొనునపుడు నడకలో ఒత్తిడి కొలిచితిరా యని అడుగుట మంచిది. అట్టి పరికరము అందుబాటున లేనిచోట కన్నును, చేయియునే సెన్సార్లు. చెప్పులు తొడుగుటకు ముందు లోపల చేయిపెట్టి తడిమి చూడవలెను. ప్రతిరాత్రియు అరికాలిని అద్దమునందు చూచుకొనవలెను. చూపు ఆననివారికి ఇంటిలోనివారు చూడవలెను. ఎఱ్ఱదనము కనబడినచో నొప్పి లేదుగదా యని ఊరకుండక ఆనాడే వైద్యునికి చూపవలెను. నొప్పి లేకుండుటయే అట్టి పాదమునకు గల వ్యాధి.