ఎనుము తెలిసిన పిల్లకు గేదె రాదని సున్నా!

(తిరుపతిలో ఉపాధ్యాయులు, విద్యార్థి కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)



నీళ్ళ గురించి, నిధుల గురించి, కొలువుల గురించి ఎన్నో సభల్లో మాట్లాడుకున్నాం. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నవాళ్ళు నీళ్ళన్నారు, యూనివర్సిటీ అన్నారు, రాజధాని అన్నారు. పిలకాయల నోట్లో మాట గురించి మాత్రం ఎవరూ రాసుకోలేదు. ఈ రోజు మేం మాట్లాడేది ఆ మాట గురించే. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిలకాయల చేతికి ఒక నవల ఇచ్చి మాటలు నేర్పడం, చదివింది అర్థం చేసుకోవడం నేర్పడం ఎట్లా? ఇదీ ఉద్యమ విషయమేనా అని ముందు వరసలో ఒకరిద్దరు మొహాలు చూసుకుంటున్నారు. ముమ్మాటికీ ఉద్యమ విషయమే!

పాత చిత్తూరు జిల్లా పల్లెల్లో మనం ఎనుము అంటాం. పుస్తకం గేదె అంటుంది. మన నాయన మడక కడతాడు, పుస్తకంలో రైతు నాగలి పడతాడు. మన గెనుసుగడ్డ అక్కడ చిలగడదుంప. ఎర్రగడ్డ ఉల్లిపాయ, ఉర్లగడ్డ బంగాళాదుంప, చెనిక్కాయ వేరుశనగ. పొద్దున లేచి ఎనుముకు కసువేసి, పాలు పిండి బడికొచ్చిన పిల్ల పరీక్షలో 'గేదె' దగ్గర ఆగిపోతే ఆ పిల్లకు తెలుగు రాదని తేలుస్తారు. ఇట్లా నాలుగుసార్లు ఎర్ర ఇంకు పడ్డాక ఆ పిల్ల క్లాసులో నోరు తెరవదు. పదో తరగతికి ముందే బెంగళూరు బస్సెక్కుతుంది. ఈ లెక్క ఏ శ్వేతపత్రంలోనూ కనిపించదు.

గిడుగు రామమూర్తి పంతులు గ్రాంథికం మీద పోరాడి వాడుక భాషకు బడి తలుపులు తెరిపించారు. సవరల భాష నేర్చుకుని వాళ్ళకు వాచకాలు రాసిన మహానుభావుడు ఆయన. అయితే ఆ తలుపులోంచి లోపలికొచ్చింది ఎవరి వాడుక? కృష్ణా, గోదావరి జిల్లాల్లో చదువుకున్నవాళ్ళ వాడుక! రెండున్నర జిల్లాల భాష అని కాళోజీ ఎత్తిపొడిచింది దీన్నే. తెలంగాణవాళ్ళు ఆ మాటను పట్టుకుని వదల్లేదు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చాక కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని తమ భాషా దినోత్సవం చేసుకున్నారు. పాఠ్యపుస్తకాలు కొత్తగా రాసుకున్నారు. మన మాటలు పండితులకు తెలియవా అంటే అదీ కాదు. 1962లోనే భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం వచ్చింది. రైతుల నోటి మాటలను జిల్లాలవారీగా సేకరించి అచ్చేశారు. ఆ మాటలకు కోశంలో చోటు దొరికింది, బడిలో మాత్రం దొరకలేదు.

సరే, ఏ నవల? మేం చెప్పేది నామిని సుబ్రమణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా'. కచ్చితంగా చెప్పాలంటే అది నవల కాదు, కతల దండ. కానీ ఒకే ఊరు, ఒకే ఇల్లు, ఒకే అమ్మ. వరసగా చదివితే నవల చదివినట్టే ఉంటుంది. చిత్తూరు పల్లె ఎట్లా మాట్లాడుతుందో అట్లానే రాసిన పుస్తకం. పిలకాయలకు లెక్కలు ఎందుకు రావో కనిపెట్టి 'పిల్లల భాషలో ఆల్జీబ్రా' రాసింది కూడా ఈయనే. కొన్ని మాటలు మోటుగా ఉన్నాయని కొందరు అయివార్లు ముక్కు చిట్లిస్తారు. ఏ కతలు చదివించాలో ముందుగా ఏరుకోండి, ఎవరొద్దన్నారు?

ఇంక పద్ధతి. కత మొదలుకాకముందే బోర్డు మీద 'అర్థాలు' అని ఇరవై మాటలు రాసే అలవాటు ముందు మానాలి. అర్థం కత మధ్యలో దొరకాలి. ఉదాహరణకు మేమే ఒక వాక్యం అల్లుతాం: "రాత్రి కయ్యలో నీళ్ళు నిండి గెనిమ తెగింది, నాయన పార తీసుకుని పరిగెత్తినాడు." తిరుపతి అపార్టుమెంటులో పెరిగిన పిల్లకు గెనిమ తెలీదు. చెప్పొద్దు, అడగండి. నీళ్ళు నిండితే తెగేది ఏది? పారతో పోయి నాయన ఏం చేస్తాడు? మూడో ప్రశ్నకల్లా ఆ పిల్ల గట్టు దగ్గరికి వస్తుంది. రాకపోతే వెనక బెంచీలో రామచంద్రాపురం వైపు నుంచొచ్చే పిల్లోడు చెబుతాడు. ఏడాదంతా మాట్లాడని పిల్లోడు ఆ పూట క్లాసుకు అయివారు అవుతాడు! అదే మాట పది పేజీల తర్వాత మళ్ళీ వస్తుంది, ఇంకో చోట ఇంకో రకంగా వస్తుంది. ఒక పాఠంలో ఒకసారి కనిపించి మాయమయ్యే మాట కంటే, నవలలో ఆరుసార్లు ఎదురైన మాట మనసులో నిలబడుతుంది.

ప్రతి పిల్లా ఒక మాటల నోటుబుక్కు పెట్టుకోవాలి. ఒక గడిలో ఇంటి మాట, పక్క గడిలో పుస్తకం మాట, మూడో గడిలో ఆ మాట ఎవరు చెప్పారో. అవ్వ చెప్పిందా, ఎనుములు కాసే తాత చెప్పాడా, రాయాలి. మడక పక్కన నాగలి ఉండాల్సిందే, పరీక్ష ఆ మాటతోనే కదా! నాగలి నేర్చుకోవడానికి మడకను చెరిపేయాల్సిన పని లేదని మా వాదన. నగరి వైపు తమిళం మాట్లాడే ఇళ్ళుంటాయి, తండాల్లో సుగాలీ పిలకాయలుంటారు. వాళ్ళకు ఇంకో గడి గీయండి. కోస్తా మాట పోయి చిత్తూరు మాట నెత్తినెక్కితే మనకు కొత్తగా ఒరిగేదేమీ లేదు.

ఉపవాచకం పరీక్షలో 'ఎవరు ఎవరితో అన్నారు' అని అడుగుతారు. గైడు చూసి రెండు నిమిషాల్లో రాసేస్తారు. దాన్ని చదవడం అంటామా? పేదింటి కతలో అమ్మ పిల్లలకు సంగటి పెట్టి, తనకు ఆకలి లేదంటుంది. ఆమెకు నిజంగా ఆకలి లేదా, నీకెట్లా తెలుసు, ఏ మాట పట్టుకుని చెప్తున్నావు అని అడగండి. ఈ ప్రశ్నకు గైడులో జవాబు లేదు, చాలామంది పిలకాయల ఇళ్ళల్లో ఉంది.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీవాళ్ళు పల్లె బడుల కోసం కార్డుల పద్ధతి తయారుచేశారు. ఎవరి వేగంలో వాళ్ళు నేర్చుకుంటారు, ఊరి కతలూ పాటలూ పాఠాల్లోకి వచ్చాయి. కర్ణాటక, తమిళనాడు వచ్చి చూసి తమ బడులకు మలచుకున్నాయి. కానీ అది చిన్న తరగతుల పని. పై తరగతికి పోగానే మన పిలకాయలు గైడు చేతిలో పడతారు. పక్క రాష్ట్రంలో కి. రాజనారాయణన్ అనే రచయిత ఉండేవారు, 2021లో పోయారు. ఆయన పూర్వీకులు తెలుగువాళ్ళే. తన కరిసల్ నేల మాటలకు ఒక నిఘంటువే తయారుచేశారు. తమిళం వాళ్ళు ఆయన్ను నెత్తిన పెట్టుకున్నారు. మన మాటలకు అట్లాంటి పుస్తకం ఈ నోటుబుక్కుల నుంచే పుట్టొచ్చు.

2019 నవంబరులో 1 నుంచి 6 తరగతులకు ఇంగ్లీషు మీడియం జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలుగా, ఇంగ్లీషా అని ఎంత గొడవ! ఏ తెలుగు అని ఒక్క పార్టీ అయినా అడిగిందా? 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అనేదాకా మనల్ని దత్తమండలాలు అనేవాళ్ళు. మాటకు ఎంత బలముందో మనకు ఇంకొకరు చెప్పాలా?

దీనికి జీవో అక్కరలేదు. వారానికి రెండు పీరియడ్లు, ఒక పుస్తకం, గట్టిగా చదివే గొంతు ఉంటే చాలు. పుస్తకం కొనలేని బడులకు మేం కాపీలు సేకరించి పంపుతాం. ఏ బడి, ఏ తరగతి, ఎంతమంది పిలకాయలో బయట బల్ల దగ్గర రాయించి పొండి.