పానా మన చేతిలో ఉండాలి

(చెన్నూరులో రైతు సంఘం సభ్యుల సమావేశంలో పాత ట్రాక్టర్లు, డీసీఎంల మరమ్మతుపై చేసిన ప్రసంగం)



మద్దతు ధర గురించి, కౌలు రైతుల గుర్తింపు గురించి, బ్యాక్‌వాటర్‌లో మునిగిన పంటలకు పరిహారం గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇవాళ మన ఇంటి ముందు నిలబడి ఉన్న పాత ట్రాక్టరు గురించి, పాత డీసీఎం గురించి మాట్లాడుకుందాం.

ఇదేం రైతు సమస్య అనుకోవద్దు. దమ్ము చేసే రోజుల్లో బండి షెడ్డులో పడితే నారు ముదిరిపోతుంది. పత్తి నింపిన ట్రాలీ కదలకపోతే కిరాయి బండి అడిగిందే రేటు. షెడ్డు బిల్లుకు అప్పు చేసి, అప్పిచ్చిన వ్యాపారికే పత్తి కాంటా పెట్టినవాళ్లం మనలోనే ఉన్నాం. ఎరువుల ఖర్చు రాసుకుంటాం, కూలీల ఖర్చు రాసుకుంటాం. మరమ్మతు ఖర్చు మాత్రం ఏ లెక్కలోనూ రాయం. అది కూడా సాగు ఖర్చే.

2022 జూలై వరద మీకు గుర్తుంది. గోదావరి, ప్రాణహిత కలిసి పొంగినప్పుడు పొలాలే కాదు, మోటార్లు, బండ్లు కూడా మునిగాయి. మా ఊళ్లో రెండు ట్రాక్టర్లు నీళ్లలో ఉండిపోయాయి. నీళ్లు తీయగానే ఒకదానికి తొందరపడి సెల్ఫ్ కొట్టారు. గాలిని నొక్కితే తగ్గుతుంది, నీళ్లను నొక్కితే తగ్గవు. సిలిండర్‌లో ఉన్న నీళ్లు పిస్టన్‌ను అడ్డుకున్నాయి, కనెక్టింగ్ రాడ్డు వంగింది. ఇంజన్ మొత్తం దించాల్సి వచ్చింది.

రెండో బండికి మేం నలుగురం సెల్ఫ్ ముట్టుకోలేదు. ముందు బ్యాటరీ వైరు తీశాం. ఇంజన్ ఆయిల్ వదిలితే పాలు కలిపిన చాయ్ లాగా వచ్చింది. గేర్ ఆయిల్ కూడా వదిలేశాం. డీజిల్ ట్యాంకు ఖాళీ చేసి కడిగాం. ఫిల్టర్లన్నీ మార్చాం. నాజిళ్లు విప్పి ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పితే, నాజిల్ రంధ్రాల్లోంచి నీళ్లు బయటికి చిమ్మాయి. సెల్ఫ్ మోటారు, డైనమో విప్పించి ఆరబెట్టించాం. కొత్త ఆయిల్ పోసి కాసేపు నడిపి, ఆ ఆయిల్ కూడా తీసి మళ్లీ కొత్తది పోశాం. ఆ ట్రాక్టరు మీదే ఈ రోజు మేం ఇక్కడికి వచ్చాం. బయట నిలబడి ఉంది, చూడండి. ఆ రెండు బండ్ల మధ్య తేడా డబ్బు కాదు. ఏం చేయకూడదో తెలిసి ఉండటమే.

మన పాత బండ్లలో ఉన్నది చేతికి అందే ఇంజన్. దానికి కావలసినవి శుభ్రమైన గాలి, శుభ్రమైన డీజిల్, మంచి ఆయిల్, నీళ్లు. ఈ నాలుగూ చూసుకుంటే సగం జబ్బులు దగ్గరికి రావు.

మొదటిది గాలి. మన నల్లరేగడి దుమ్ము, వరి పొట్టు ఎయిర్ ఫిల్టరును తొందరగా నింపేస్తాయి. ఆయిల్ కప్పు ఉండే రకమైతే కప్పు విప్పి, అడుగున పేరుకున్న బురద తీసి, కడిగి, గుర్తు వరకే ఆయిల్ పోయాలి. కోతలప్పుడు ఈ పని రోజూ చేయాలి. ఫిల్టరు లేకుండా ఒక్క పూట నడిపినా దుమ్ము లోపలికి పోయి రింగులను, లైనర్లను అరగదీస్తుంది.

రెండోది డీజిల్. డ్రమ్ములో తెచ్చిన డీజిల్ అడుగున నీళ్లు, మడ్డి ఉంటాయి. ఒక రోజు కదలకుండా ఉంచి, పైనుంచి తీసి, గుడ్డలో వడగట్టి పోయాలి. ఫిల్టరు కింది బోల్టు వదిలించి నీళ్లు తీసేయాలి. డీజిల్ అయిపోయాక బండి ఆగితే ఎయిర్ పడుతుంది. దానికి షెడ్డుకు ఫోన్ చేయనక్కర లేదు. ట్యాంకు నింపి, ఫిల్టరు మీది బోల్టు వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉంటే నురగ వస్తుంది. నురగ పోయి నిండు ధార వచ్చినప్పుడు బోల్టు బిగించాలి. తర్వాత పంపు దగ్గర కూడా అట్లాగే. బోల్టు ఎక్కడుందో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది. పుస్తకాన్ని అటక మీద పడేయకండి.

ఆయిల్, నీళ్లు పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందే చూడాలి. రేడియేటర్ జాలీకి పత్తి దూది, గడ్డి పట్టుకుంటే ఇంజన్ వేడెక్కుతుంది. వేడి మీద మూత తీయొద్దు, మొహం కాలుతుంది.

పొగ కూడా మాట్లాడుతుంది. నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా నాజిల్ సరిగా కొట్టడం లేదు. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. ఇంజన్ వేడెక్కిన తర్వాత కూడా తెల్ల పొగ ఆగకపోతే డీజిల్ సరిగా కాలడం లేదు, లేదా లోపలికి నీళ్లు దిగుతున్నాయి.

మన హద్దు కూడా మనకు తెలియాలి. పంపు సెట్టింగు, క్రాంకు పని, బోరు పని మెకానిక్‌కే వదిలేయాలి. షెడ్డు మెకానిక్ మనకు శత్రువు కాదు, మనలాగే చేతి పని మీద బతికేవాడు. జబ్బేమిటో తెలిసి పోతే ఆయన పని తేలిక, మన బిల్లు తక్కువ. లేపిన ట్రాలీ కింద గట్టి ఊత పెట్టకుండా ఎవరూ దూరొద్దు. నాజిల్ కొట్టేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టొద్దు, ఆ ధార చర్మంలోంచి లోపలికి పోతుంది. గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. తీసిన పాత ఆయిల్ కాలువలో పోయొద్దు.

పాత బండి పొగ మంచిదని మేం అనడం లేదు. పొగ తగ్గాలనే 2020 ఏప్రిల్ నుంచి లారీలకు, డీసీఎంలకు బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు కూడా 2023 జనవరి నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. పొగ తగ్గడం మన పిల్లల ఊపిరికి మంచిదే. కానీ కొత్త బండ్లలో సెన్సార్లు, కంప్యూటర్లు పెరిగాయి. లైటు వెలిగితే కంపెనీ సర్వీసు వాళ్లు మిషన్ పెట్టి చూసేదాకా జబ్బేమిటో తెలియదు. కొన్నది మనం, కిస్తీ కట్టేది మనం, తాళం మాత్రం వాళ్ల దగ్గర.

అమెరికా రైతులు ఈ బాధ మనకంటే ముందు పడ్డారు. పోరాడారు. కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది. వ్యవసాయ యంత్రాల విడిభాగాలు, పనిముట్లు, మరమ్మతు సమాచారం రైతులకు ఇవ్వాల్సిందేనన్న ఆ చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది కూడా ఆ వరద నెలలోనే, 2022 జూలైలో. అందులో వ్యవసాయ యంత్రాలు కూడా ఉన్నాయి. కమిటీతో సరిపోదు, చట్టం కావాలి.

అందుకే సంఘం ముందు మూడు మాటలు పెడుతున్నాం. ఒకటి, ప్రతి ఊరి కమిటీ దగ్గర ఉమ్మడి పనిముట్ల పెట్టె ఉండాలి. పానాల సెట్టు, జాకీ, గట్టి స్టాండ్లు, గ్రీజు గన్ను అందులో ఉండాలి. ఎవరు తీసుకున్నారో పుస్తకంలో రాయాలి. రెండు, ఏటా మృగశిరకు ముందే, ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివిన మన పిల్లలతో ఒక రోజు పని నేర్పించాలి. ఆడవాళ్లు కూడా రావాలి, బండి ఆగితే నష్టం ఇల్లంతటికీ కదా. మూడు, మరమ్మతు హక్కు చట్టం మన డిమాండ్ల పత్రంలో చేరాలి.

నాగలి కర్రు అరిగితే మన తాతలు కొలిమికి పట్టుకుపోయి, పక్కన కూర్చుని సాపు చేయించుకున్నారు. తమ పనిముట్టు గురించి తెలియకుండా వాళ్లు సాగు చేయలేదు. మనమెందుకు చేయాలి? సమావేశం అయ్యాక బయట ఉన్న ఆ ట్రాక్టరు దగ్గరికి రండి. ఎయిర్ ఎట్లా తీయాలో చేసి చూపిస్తాం, మీరూ ఒకసారి చేయి పెట్టి చూడండి.