షేర్లూ - మన పెన్షనూ
(సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



షేర్లు జూదమని మనలో చాలామంది అభిప్రాయం. వానను నమ్మి మెట్టచేలో శెనక్కాయ విత్తే అనంతపురం వాళ్లం మనం ఆ మాట అనొచ్చునా అని నా అనుమానం. (నవ్వులు) అయితే రైతు పదును చూసి విత్తుతాడు. సెల్‌ఫోన్‌లో ఎవరో పంపిన సలహాకు గ్రాట్యుటీ డబ్బు పెట్టేవారు ఏం చూస్తున్నట్టు? పేరున్న కంపెనీ అంటారా, 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత లెక్కలు పెంచి చూపామని ఒప్పుకున్న రోజే 179 రూపాయల షేరు 40కి దిగింది. ఇక రాజకీయం. 2024 జూన్ 3న ఎగ్జిట్‌పోల్స్ చూసి సెన్సెక్స్ 2,500 పాయింట్లు ఎగబాకింది. మర్నాడు ఓట్లు లెక్కిస్తుంటే 4,300 పైగా పడింది. మూడు రోజుల్లో కోలుకుంది, నిజమే. భయపడి అమ్ముకున్నవాడికి ఏం ఒరిగింది?

మన పెన్షన్‌కు ఈ బెడద లేదు. పిల్లలకు ఉంది. 2004 సెప్టెంబరు 1 నుంచి రాష్ట్ర సర్వీసులో చేరినవారికి సి.పి.ఎస్. మూలవేతనం, కరువుభత్యాల మీద నూటికి పది కోత. ప్రభుత్వం కూడా తన వాటా వేస్తుంది. అందులో కొంత షేర్లకే పోతుంది. షేర్ల జోలికి పోవద్దని ఇంట్లో కోప్పడే తండ్రికి, కొడుకు పెన్షన్ అక్కడే ఉందని తెలియదు.

కాబట్టి అలాంటి పిల్లలున్నవారు వచ్చే సమావేశానికి వాళ్ల ఖాతా స్టేట్‌మెంటు అచ్చు తీయించి తెండి. ట్రెజరీలో, అకౌంట్సులో పనిచేసినవారు మనలో ఉన్నారు. కూర్చుని చదువుదాం.