రోడ్డు పరిరక్షణ పరిశ్రమలో సంఘాల సహకారం – కార్మికుని స్థానం

(సీతారాండేరాలో తెలుగు కార్మికుల సమావేశంలో మా సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ఉక్కు నగరంలో రోడ్డు పనిని గురించి సమావేశమేమిటని ఒకరిద్దరు మిత్రులు మమ్ములను ఆక్షేపించారు. 1907లో కంపెనీ ఏర్పడి, 1912 ఫిబ్రవరిలో ఇక్కడ తొలి ఉక్కు తయారైన నాటి నుండి మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారు ఈ గడ్డకు వస్తూనే ఉన్నారు. వచ్చినవారిలో అందరికీ కర్మాగారపు గేటు లోపల చోటు దొరకలేదు. గేటు వెలుపల రోడ్డు వేసినవారు, కాలువ త్రవ్వినవారు, చెత్త ఎత్తినవారు కూడా ఈ నగర నిర్మాతలే. వారిని గురించి మన సమాఖ్యలు పెద్ద తీర్మానాలు చేశాయి గాని, వారు నిలుచున్న చోటికి వెళ్లి పరిశీలించినది తక్కువ. అందుకే ఈ అంశాన్ని ఎన్నుకొన్నాము.

రోడ్డు ఒక్క రోజున పాడు కాదు. ఎండకు, గాలికి బిటుమెన్‌లోని జిగురు క్రమంగా తగ్గి పై పొర పెళుసుబారుతుంది. సన్నని పగుళ్లు పడతాయి. ఆ పగుళ్లలో నుండి వాననీరు దిగి క్రింది కంకరను, దాని అడుగున ఉన్న మట్టిని మెత్తపరుస్తుంది. ఆపైన బరువు లారీ ఒక్కటి వెళ్లితే చాలు, గుంత పడుతుంది. పగులు దశలో మూసివేస్తే ఖర్చు స్వల్పం. గుంత దశకు వచ్చిన తరువాత పునాది నుండి ఎత్తవలసినదే. గోటితో పోయేదానికి గొడ్డలి అని మన పెద్దలన్నది సరిగ్గా ఇటువంటి పనిని గురించే.

ఈ గోటితో చేసే పనికే నేడు రోడ్డు పరిరక్షణ అని పేరు. బిటుమెన్‌ను నీటితో కలిపి ఎమల్షనుగా చేసి, సన్నని రాతిపొడితో కలిపి 4 నుండి 8 మిల్లీమీటర్ల మందాన పూత పూయడం ఒక పద్ధతి. దీనిని మైక్రో సర్ఫేసింగ్ అంటారు. పాత పై పొరను యంత్రంతో గీకి, ఆ ముక్కలను కొత్త బిటుమెన్‌తోనో, ఎమల్షనుతోనో కలిపి మరల పరచడం ఇంకొక పద్ధతి. పాత రోడ్డులో కంకరా ఉన్నది, బిటుమెన్ కూడా ఉన్నది. రెండింటినీ చెత్తగా పారవేయడం దేశానికి తగని దుబారా. మన దేశపు బిటుమెన్ అవసరంలో గణనీయమైన భాగం దిగుమతి మీద ఆధారపడి ఉన్నదని మరువరాదు. 1934లో స్థాపించబడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మైక్రో సర్ఫేసింగ్‌కు 2008లోను, ఎమల్షనుతో చేసే చల్లని మిశ్రమానికి 2014లోను, పాత రోడ్డును తిరిగి వాడుకొనే పద్ధతికి 2015లోను మార్గదర్శకాలు ప్రకటించింది. హైదరాబాదు నగరపాలక సంస్థ సుమారు 700 కిలోమీటర్ల ప్రధాన రహదారుల నిర్వహణను ఐదేళ్ల కాలానికి ప్రయివేటు ఏజెన్సీలకు అప్పగించిన సంగతి మీకు తెలిసినదే. కనుక ఇది రేపటి ముచ్చట కాదు. పని ఇప్పటికే నడుస్తున్నది.

ఈ పరిశ్రమలో యజమానులు ఎట్లా వ్యవహరించారో చూడండి. అమెరికాలో ఎమల్షను తయారుచేసేవారికి ఒక సంఘం, పూతలు పూసేవారికి ఒక సంఘం, పాత రోడ్డును గీకి తిరిగి వేసేవారికి ఒక సంఘం వేరువేరుగా ఉన్నాయి. నిజానికి వీరు ఒకే బడ్జెట్టు కొరకు పోటీపడేవారు. ఈ రోడ్డుకు పూత చాలునని ఒకరంటే, కాదు, గీకి తిరగవేయవలసినదేనని మరొకరంటారు. అయినా ఆ మూడు సంఘాలూ కలిసి, పేవ్‌మెంట్ ప్రిజర్వేషన్ అండ్ రీసైక్లింగ్ అలయన్స్ అనే పేరుతో ఒక పొత్తు కుదుర్చుకొన్నాయి. ఏ దశలో ఉన్న రోడ్డుకు ఏ చికిత్స తగునో ప్రభుత్వ ఇంజనీర్లకు ఒక్క గొంతుతో చెప్పడం ఆ పొత్తు ఉద్దేశం. పోటీదారులు పొత్తుదారులైతే బడ్జెట్టే పెరుగుతుందని వారు గ్రహించారు. వారి తెలివిని మేము తప్పుపట్టడం లేదు. మన దేశంలో కూడా కాంట్రాక్టర్లకు 1941 నుండి బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఉన్నది. మరి తారు డ్రమ్ము దగ్గర నిలుచున్నవానికి ఏమి ఉన్నది?

ఇక్కడ ఒక మాట. మనమందరం వాడుకలో తారు అంటాము గాని, నేడు రోడ్డు మీద పోసేది బొగ్గు తారు కాదు, పెట్రోలియం నుండి వచ్చే బిటుమెన్. ఈ తేడా మాటలకు సంబంధించినది మాత్రమే కాదు. బొగ్గు తారు క్యాన్సరు కారకమని నిర్ధారణ అయినది. రోడ్డు పనిలో బిటుమెన్ పొగకు గురికావడం మనుషులలో క్యాన్సరు కలిగించే అవకాశం ఉన్న విషయమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 2011లో వర్గీకరించింది. ఎప్పుడో బొగ్గు తారుతో వేసిన పాత పొర ఉంటే, దానిని వేడిచేసి తిరిగి వాడే ముందు పరీక్ష తప్పనిసరి. గీకే యంత్రం వెనుక నడిచేవాడు రాతి ధూళిని పీలుస్తాడు. వేడి మిశ్రమం పరిచేవాడు 150 డిగ్రీల వేడికి ఎదురుగా నిలబడతాడు. చల్లని ఎమల్షను పద్ధతిలో ఆ సెగ లేదు. కనుక ఏ పద్ధతి ఎన్నుకొనవలెననే చర్చ ఇంజనీర్లకు మాత్రమే సంబంధించినదని మేము ఒప్పుకొనము.

కార్మికుడు ఆ చర్చలో కూర్చున్నప్పుడు ఏమి జరుగుతుందో చెప్పడానికి కూడా అమెరికా ఉదాహరణే ఉన్నది. అక్కడ 1990ల మధ్యలో తారు రోడ్డు కాంట్రాక్టర్ల జాతీయ సంఘం, పేవరు యంత్రాల తయారీదారులు, ప్రభుత్వ వృత్తి ఆరోగ్య పరిశోధనా సంస్థ, వీరితోబాటు రెండు కార్మిక సంఘాలు – కూలీలది ఒకటి, యంత్రచాలకులది ఒకటి – ఒకే బల్ల చుట్టూ కూర్చున్నాయి. పొగను అక్కడికక్కడే పీల్చి పైకి పంపే ఏర్పాటు యంత్రంలోనే ఉండవలెనని నిర్ణయించుకొన్నాయి. 1997 జనవరిలో మార్గదర్శకాలు వెలువడ్డాయి; ఆ సంవత్సరం జులై నుండి తయారయ్యే పెద్ద పేవర్లకు ఆ ఏర్పాటు అమర్చడానికి తయారీదారులు అంగీకరించారు. ఇందులో సమ్మె లేదు. అయితే ఆ రెండు సంఘాలకు సమ్మె చేయగల శక్తి ఉన్నది గనుకనే వారికి బల్ల దగ్గర కుర్చీ దొరికినదని మా అభిప్రాయం.

ఇక మన ఊరి సంగతి. ఈ నగర పౌర సేవలను నిర్వహించే సంస్థ, అప్పటి పేరున జుస్కో, 2011 నుండి జంషెడ్‌పూర్ రోడ్లలో వ్యర్థ ప్లాస్టిక్కును వాడినది. మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగు కళాశాల ఆచార్యుడు ఆర్. వాసుదేవన్ రూపొందించిన పద్ధతి అది. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించినది. శుభ్రపరిచి ముక్కలు చేసిన ప్లాస్టిక్కును 160, 170 డిగ్రీల వేడి ఉన్న కంకర మీద చల్లుతారు. అది కరిగి కంకరకు పూతగా అంటుకొంటుంది. ఆ తరువాత బిటుమెన్ కలుపుతారు. ఒంటి వరుస రోడ్డు కిలోమీటరుకు సుమారు 10 టన్నుల బిటుమెన్ పట్టే చోట ఒక టన్ను మేర ప్లాస్టిక్కు వాడవచ్చునని లెక్క. 5 లక్షలు మించిన జనాభా గల నగరాల చుట్టూ 50 కిలోమీటర్ల పరిధిలో ఈ పద్ధతిని పాటించవలెనని కేంద్ర ప్రభుత్వం 2015 నవంబరులో ఆదేశించింది.

పద్ధతి మంచిదే. కాని ఆ ప్లాస్టిక్కును ఎవరు ఏరుతున్నారు? పి.వి.సి. ముక్క అందులో కలవరాదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013 నాటి మార్గదర్శకం స్పష్టంగా చెప్పినది. అది వేడికి విషవాయువును వదులుతుంది. వేడి 250 డిగ్రీలు దాటితే మిగిలిన ప్లాస్టిక్కు కూడా ప్రమాదకరమే. అంటే తెల్లవారుజామున సంచి భుజాన వేసుకొని చెత్తకుప్పల వెంట నడిచే స్త్రీ సరిగా ఏరినదా లేదా అన్న దాని మీద, సాయంకాలం ప్లాంటు దగ్గర పారపట్టిన మనిషి ఊపిరితిత్తులు ఆధారపడి ఉన్నాయి. వీరిద్దరూ ఒకరినొకరు ఎరుగరు. ఒకే సంఘంలో లేరు. చాలా చోట్ల ఆమె ఏ సంఘంలోనూ లేదు. పూణేలో చెత్త ఏరేవారు 1993లోనే సంఘం పెట్టుకొని, ఆ సంఘం ద్వారా సహకార సంస్థను నెలకొల్పుకొని, 2008లో నగరపాలక సంస్థతో ఒడంబడిక చేసుకొన్నారు. చేయవచ్చునని వారు నిరూపించారు.

ఉక్కు చిట్టెం సంగతి కూడా ఇంతే. స్లాగు అని మనం పిలిచే ఈ చిట్టెంలో సున్నం మిగిలి ఉంటుంది. తడి తగిలితే ఉబ్బుతుంది. అందుచేత దానిని ఆవిరితోనో, ఎండకు వానకు వదలియో పక్వపరచిన తరువాతనే రోడ్డుకు వాడతారు. సూరత్ దగ్గర హజీరాలో 2022లో చిట్టెంతోనే రోడ్డు వేశారు. కంకర కొరకు కొండలను పగులగొట్టే అవసరం తగ్గుతుంది. కంకర క్వారీలో పని చేసేవారి గతి ఏమి కావలెను అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. మేము యంత్రానికి గాని, పునర్వినియోగానికి గాని వ్యతిరేకులము కాము. గీకే యంత్రం పదిమంది పలుగులను మూలపెట్టినప్పుడు, ఆ పదిమందిలో కొందరికి ఆ యంత్రం నడపడం నేర్పమని మాత్రమే అడుగుతున్నాము.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. పరిరక్షణ పని చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. ఒక వీధికి పూత వేయడం నాలుగు రోజులలో ముగుస్తుంది. తరువాత వేరొక కాంట్రాక్టరు, వేరొక వీధి, ఒక్కొక్కప్పుడు వేరొక రాష్ట్రం. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం రోడ్ల నిర్మాణాన్నే గాక మరమ్మతును, నిర్వహణను కూడా తన పరిధిలో చేర్చినది. ఆ చట్టమూ, 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమూ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన నాలుగు కార్మిక స్మృతులలో కలిసిపోయినవి. ఆ స్మృతులపై మన సమాఖ్యలకు ఉన్న ఆక్షేపణలు వేరే సందర్భంలో చర్చించుకొందాము. సంక్షేమ నిధి నియమం మాత్రం పాతదే: పని ఖర్చులో శాతం నుండి రెండు శాతం వరకు సెస్సు, గడచిన 12 నెలలలో 90 రోజులు పని చేసినట్లు చూపినవారికి లబ్ధిదారుగా నమోదు.

ఆ 90 రోజులు ఎవరు చూపగలరు? ఒకేచోట వంతెన కట్టేవాడు చూపగలడు. నాలుగేసి రోజుల చొప్పున ఇరవై ముగ్గురి దగ్గర పని చేసినవాడు ఇరవై ముగ్గురి సంతకాలు తేవలెను. ఏడాదిలో 200 రోజులు పని చేసినవాడు కూడా కాగితం మీద నిరుద్యోగియే! సెస్సు వసూలవుతుంది; అతని పేరు మాత్రం పుస్తకానికి ఎక్కదు. కొత్త రోడ్డు పని నుండి పరిరక్షణ పనికి పరిశ్రమ మళ్లుతున్న కొద్దీ ఈ అన్యాయం పెరుగుతుందే గాని తరగదు. పూత పూసే కాంట్రాక్టర్లు, రోడ్డు గీకే కాంట్రాక్టర్లు, హాట్‌మిక్సు ప్లాంట్లవారు పరస్పరం సహకరించుకొంటున్నారంటే సంతోషమే. ఆ సహకారంలో తొలి మెట్టుగా, ఎవరి దగ్గర చేసిన పని దినమైనా నమోదయ్యే ఉమ్మడి పని పుస్తకాన్ని వారందరూ గుర్తించవలెనని మా కోరిక.

దీనిని సాధించడానికి మనం ముందు ఒకటి కావలెను. ఈ నగరంలో విడిపోయినందువల్ల నష్టం ఎట్లా ఉంటుందో ఎవరో వచ్చి చెప్పనక్కర లేదు. 1920లో జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్ పుట్టినది. 1928 సమ్మె కాలంలో సుభాస్ చంద్ర బోసు దానికి నాయకత్వం వహించి ఒప్పందం కుదిర్చారు; ఆ ఒప్పందాన్ని అంగీకరించని మానెక్ హోమీ వేరుగా లేబర్ ఫెడరేషన్ స్థాపించారు. ఎవరిది ఒప్పు అన్నది చరిత్రకారులకు వదిలేద్దాము. రెండు సంఘాలు ఒకదానినొకటి తిట్టుకొంటున్నంత కాలమూ కార్మికుని బలం సన్నగిల్లినదన్నది మాత్రం వాస్తవం. జెండాలు మార్చుకొనమని మేము కోరడం లేదు. ఏ సంఘంలో ఉన్నవారు ఆ సంఘంలోనే ఉండి, ఈ ఒక్క పనికి ఉమ్మడి సంఘటనగా ఏర్పడవచ్చును. అందులో తెలుగువారే ఉండవలెనని కూడా మేము అనుకోవడం లేదు; మన ప్రక్కన పార పట్టిన హో, సంతాల్ సోదరులు, చెత్త ఏరే అక్కచెల్లెళ్లు లేని సంఘటన సగం సంఘటనే.

పని పుస్తకం నమూనాను తెలుగు, హిందీ భాషలలో తయారుచేసి తెచ్చినాము. పేరు, పని చేసిన తేదీ, వీధి, కాంట్రాక్టరు లేక మేస్త్రీ సంతకం, ఇచ్చిన కూలి – ఇవి ఐదు గళ్లు. ఆరవ గడి ఒకటి ఉన్నది: ఆ రోజు మిశ్రమం వేడి ఎంత అని. ప్లాంటు దగ్గర ఉష్ణమాపకం ఉంటుంది. చూచి వ్రాయమని మేస్త్రీని అడగండి. వ్రాయకపోతే ఆ గడిలో గీత పెట్టండి, అది కూడా సాక్ష్యమే. సంతకం చేయనన్న చోట ప్రక్కన పని చేసిన ఇద్దరి వేలిముద్రలు తీసుకొనండి. వర్షాలు మొదలై పని ఆగే లోపల నిండిన పుస్తకాలను మాకు చేర్చండి. వాటిని ముందు పెట్టుకొనే కాంట్రాక్టర్ల సంఘాలతో మాట్లాడతాము.