సలహా ఎవరిది, నిర్ణయం ఎవరిది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను డాక్టరును కాను, ఇంజినీరును. అయినా ఈ రోజు టీకాల గురించి మాట్లాడతాను. నా ఉద్యోగమంతా నిపుణుల కమిటీల మధ్యే గడిచింది. వంతెన డిజైనైనా, టీకా డోసైనా కమిటీ పని ఒకటే: చేతిలో ఉన్న సమాచారాన్ని తూచి సలహా చెప్పడం. నిర్ణయం, దాని బాధ్యత ప్రభుత్వానివి.

2021 మే 13న మన కేంద్ర ప్రభుత్వం కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య వ్యవధిని 6–8 వారాల నుంచి 12–16 వారాలకు పెంచింది. టీకాలపై జాతీయ సాంకేతిక సలహా బృందంలోని కోవిడ్ వర్కింగ్ గ్రూపు అలా సిఫారసు చేసిందని, ముఖ్యంగా బ్రిటన్ అనుభవమే ఆధారమని చెప్పింది. మర్నాడే, మే 14న, అదే బ్రిటన్ యాభై దాటినవాళ్లకు వ్యవధిని 12 వారాల నుంచి 8 వారాలకు తగ్గించింది. అక్కడా సలహా నిపుణుల కమిటీదే. మనం కోవిషీల్డ్ అనే ఆస్ట్రాజెనెకా టీకానే అప్పట్లో అక్కడా వేశారు.

ఆ రోజుల్లో మా ఊరి పెద్దలు ఫోన్ చేసి అడిగేవారు: "ఏరా, మంచిదని పెంచారా, టీకాలు లేక పెంచారా?" న్యాయమైన ప్రశ్న.

ఆ రెండు కమిటీల్లో ఒకటి తప్పని అనుకోనక్కర్లేదు. ముందు ఎక్కువమందికి మొదటి డోసు అందాలని 2020 డిసెంబరులో బ్రిటన్ వ్యవధి పెంచింది. ఆ కారణం బయటికే చెప్పింది. మే నాటికి అక్కడి పెద్దవాళ్లలో చాలామందికి మొదటి డోసు పడింది, డెల్టా రకం తలెత్తింది. అందుకే తగ్గించింది. మన దగ్గర రెండో అల, టీకాల కొరత, మొదటి డోసే అందనివారు కోట్లలో. లోడు మారితే డిజైన్ మారుతుంది. అయితే ఏ లోడుకు డిజైన్ చేశామో మేం డ్రాయింగు మీదే రాస్తాం.

ఇక్కడ అదే కరువైంది. 12 వారాలు దాటి వెళ్లడానికి తగిన సమాచారం లేదని ఆ బృందంలోని ముగ్గురు సభ్యులు చెప్పినట్టు జూన్‌లో రాయిటర్స్ రాసింది. భేదాభిప్రాయమేదీ లేదని వర్కింగ్ గ్రూపు అధ్యక్షులు డాక్టర్ ఎన్.కె. అరోరా అన్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియక జనానికి అనుమానమే మిగిలింది.

అమెరికాలో ఫైజర్ టీకాపై 2020 డిసెంబరు 10న సలహా కమిటీ చర్చ ప్రత్యక్ష ప్రసారమైంది. 17 మంది అవునన్నారు, నలుగురు కాదన్నారు, ఒకరు ఓటు వేయలేదు. ఆ నాలుగు ఓట్లూ అందరికీ తెలిసినా టీకా ఆగలేదు. మరుసటి ఏడాది సెప్టెంబరులో, ఉద్యోగరీత్యా ముప్పున్నవాళ్లకు బూస్టర్ వద్దని మరో కమిటీ 9–6తో తేల్చింది. మర్నాడే సీడీసీ డైరెక్టర్ ఆ సలహాను పక్కనపెట్టి, ఇవ్వవచ్చని ప్రకటించారు. అది సరైనదో కాదో వాదించుకోవచ్చు. సలహా ఎవరిదో, నిర్ణయం ఎవరిదో మాత్రం అందరికీ తెలిసింది.

"నిపుణులు చెప్పారు" అని ప్రభుత్వం, "మేం సలహానే ఇచ్చాం" అని నిపుణులు తప్పుకుంటే ఇక జవాబు చెప్పేవారే ఉండరు. మళ్లీ మహమ్మారి వస్తే ప్రతి సిఫారసుతోపాటు ఒక్క పేజీ తెలుగులో కూడా రావాలి: ఏ సమాచారం చూశారు, ఏది ఇంకా తెలియదు, ఎవరు ఎందుకు విభేదించారు, ప్రభుత్వం ఏం మార్చింది.

పిల్లలూ, ఎవరు చెప్పారన్నదొక్కటే కాదు, దేన్ని చూసి చెప్పారని కూడా అడగండి. టీకా మానేయడానికి కాదు, నమ్మకంతో వేయించుకోవడానికి.