సిలిండర్ల సంఖ్య – ఇంజను సామర్థ్యము

మోటారుకారులో సిలిండర్లు ఎన్ని యెక్కువైన అంత మేలని తలంచుట సహజమే గాని, అది సర్వదా సత్యము కాదు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరును గాలిని పీల్చుట, అదుముట, ఇంధనమును మండించి శక్తినిచ్చుట, పొగను వెడలించుట అను పనులను క్రాంకుషాఫ్టు రెండు చుట్లు, అనగా 720 డిగ్రీలు, తిరుగునంతలో ముగించును. కావున శక్తినిచ్చు దెబ్బ సాధారణముగా మూడు సిలిండర్ల ఇంజనులో 240 డిగ్రీలకును, నాలుగింటిలో 180కిని, ఆరింటిలో 120కిని ఒకటి చొప్పున పడును. ఈ ఎడము తగ్గినకొలది నడక నునుపగును. బండి కదలక ఇంజను మెల్లగా తిరుగుచున్నపుడు మూడు సిలిండర్ల కారు గేరుకర్రపై చేయి వేసిన, ఆ సన్నని వణుకు అరచేతికి తెలియును; వరుసగా అమర్చిన ఆరు సిలిండర్లలోనో, పిస్టనుల కదలికవలన పుట్టు ముఖ్యబలములు పరస్పరము సమసిపోవుటచే కంపనము అత్యల్పము.

అయితే ఇంజను పరిమాణము మారకుండ సిలిండర్లను మాత్రము పెంచినచో, రింగుల, బేరింగుల రాపిడియు, గోడలగుండ వృథాపోవు వేడిమియు, బరువును, వెలయు పెరుగును. 1983లో వెలువడిన మారుతి 800, తన 796 సి.సి. ఇంజనును మూడు సిలిండర్లతోనే నడిపి, తేలిక శరీరమునకు అదియే చాలునని నిరూపించినది. నేడు టర్బోచార్జరు గాలిని ఒత్తి లోనికి పంపుటచే, చిన్న ఇంజనులును పెద్దవాటి శక్తిని అందుకొనుచున్నవి. కావున కారు కొనువారు సిలిండర్లను మాత్రమే లెక్కింపక, బండి బరువును, తమ ప్రయాణముల తీరును యోచించి ఎన్నుకొనుట శ్రేయస్కరము.